అక్టోబర్‌లో జిమ్ థార్ప్, పెన్సిల్వేనియా: పెద్దవాళ్లతో ఒక్కరోజు వెళ్లి రావాలంటే ప్లాన్ ఎలా?

సెంట్రల్‌జెర్సీ_నాన్న

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, నవంబర్‌లో తిరుగు ప్రయాణం. ఆకులు రంగు మారేటప్పుడు జిమ్ థార్ప్ చూపిద్దామని అనుకుంటున్నాం. ఎడిసన్ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇంటికి చేరాలి. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, పెద్దవాళ్లిద్దరు, పిల్లలు 6, 11 ఏళ్ల వాళ్లు.

నాన్నగారికి మోకాళ్ల నొప్పి. చదునుగా ఉంటే పావుగంట నడుస్తారు, మెట్లు మాత్రం కష్టం. ఆయన సింగరేణిలో చేసి రిటైరయ్యారు, అక్కడ బొగ్గు చరిత్ర ఉందంటే ఉత్సాహపడుతున్నారు. అమ్మ పూర్తి శాకాహారి, ఉల్లి వెల్లుల్లి కూడా తినరు.

నా లిస్టు ఇదీ: రైలు, ఆసా ప్యాకర్ మాన్షన్, ఓల్డ్ జైల్, గ్లెన్ ఒనోకో జలపాతం, జిమ్ థార్ప్ సమాధి. అన్నీ ఒక్కరోజులో అవుతాయా? పార్కింగ్ సంగతేంటి? ఇంతకీ ఈ జిమ్ థార్ప్ అనే ఆయన ఆ ఊరివాడేనా?

---

లీహై_లోయ

అవ్వవండి. ఐదింట్లో రెండు పెట్టుకోండి, మహా అయితే మూడు.

ముందు ఆ ఊరి నైసర్గిక స్థితి అర్థం చేసుకోవాలి. నాలుగున్నర వేల జనాభా ఉన్న చిన్న బరో, అంటే చిన్న మున్సిపాలిటీ లాంటిది. లీహై నది కొండల్ని కోసుకుంటూ పోయిన ఇరుకు లోయ అడుగున కూర్చుని ఉంది. చదును నేల అంటే నది పక్కన ఉన్న కాస్త ముక్కే. రైల్వే స్టేషన్, కౌంటీ పార్కింగ్ లాట్, కోర్టు, జోసయా వైట్ పార్క్ అన్నీ ఆ ముక్కలోనే ఇరుక్కుని ఉన్నాయి. అక్కడి నుంచి ఎటు కదిలినా ఎత్తే. పార్కింగ్ దొరక్కపోవడానికీ, ట్రాఫిక్ కదలకపోవడానికీ, మీ నాన్నగారి మోకాళ్లకు ఇబ్బంది అవ్వడానికీ కారణం అదొక్కటే.

మీ లిస్టు ఆ లెక్కన చూడండి.

రైలు: సరైన ఎంపిక. స్టేషన్ లాట్ పక్కనే, నడక దాదాపు లేదు.

ప్యాకర్ మాన్షన్: స్టేషన్ వెనక గుట్ట మీద ఉంది. కింద నుంచి చూస్తే దగ్గరే అనిపిస్తుంది గానీ దారి నిట్టనిలువు. లోపల పై అంతస్తుకు మళ్లీ మెట్లు. 1861లో కట్టిన ఇల్లు కదా, లిఫ్టు ఆశించలేం. లోపల ఫోటోలు తీయనివ్వరు.

ఓల్డ్ జైల్: బ్రాడ్‌వే మీద పార్క్ నుంచి అర మైలు లోపే, కానీ ఆసాంతం ఎక్కుడే. ఫుట్‌పాత్ పాతది, ఎగుడుదిగుడుగా ఉంటుంది. లోపల ఇరుకు మెట్లు, నేలమాళిగలో చీకటి కొట్లు. 11 ఏళ్ల పిల్లకో పిల్లాడికో నచ్చుతుంది, ఆరేళ్లవాళ్లు భయపడొచ్చు.

సమాధి: నదికి అవతల, 903 రోడ్డు పక్కనే. కారు ఆపి నాలుగడుగులు వేస్తే చాలు, టికెట్ లేదు. ఇది పెట్టుకోండి.

గ్లెన్ ఒనోకో జలపాతం: కొట్టేయండి. ఆ ట్రెయిల్‌ని గేమ్ కమిషన్, అంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖ, 2019 మే 1 నుంచి మూసేసింది. జారిపడి చనిపోయినవాళ్లు, కాళ్లు విరిగినవాళ్లు, వాళ్లని మోసుకొస్తూ దెబ్బలు తిన్న రెస్క్యూ వాళ్లు, ఇలా ఏళ్ల తరబడి సాగాక తీసుకున్న నిర్ణయం అది. పాత వీడియోల్లో ఇంకా గొప్పగా చూపిస్తుంటారు, నమ్మకండి. లోపలికి వెళ్తే జరిమానా పడుతుంది.

పార్కింగ్: స్టేషన్ వెనక కౌంటీ లాట్ పెద్దదే, డబ్బు కట్టాలి. అక్టోబర్ శనివారం తొమ్మిదిలోపు చేరితే నిశ్చింత. పది దాటితే అదృష్టం. పదకొండుకి యూఎస్ 209 మీద లీహైటన్ వైపు నుంచి కార్లు బారులు తీరతాయి. ఆ రోడ్డుకి ఒకపక్క కొండ, ఇంకోపక్క నది, వెనక్కి తిప్పుకునే చోటు కూడా సరిగ్గా ఉండదు. "పెద్దవాళ్లని స్టేషన్ దగ్గర దింపి నేను పార్క్ చేసొస్తా" అన్న ప్లాన్ ఇక్కడ బెడిసికొడుతుంది. మీరు ఆ వరసలోంచి బయటపడి తిరిగొచ్చేసరికి రైలు వెళ్లిపోతుంది.

ఇళ్ల ముందు వీధుల్లో ఖాళీ కనిపించినా బోర్డు చదవకుండా ఆపకండి. చాలాచోట్ల అక్కడ నివాసం ఉండేవాళ్లకే అనుమతి.

---

పాతపట్టాలు

రైలు గురించి, ఆ పేరు గురించి నేను చెప్తాను.

లీహై గార్జ్ సీనిక్ రైల్వే వెళ్లిరావడం కలిపి సుమారు 16 మైళ్లు, 70 నిమిషాలు. ఎక్కేది పాత జెర్సీ సెంట్రల్ స్టేషన్‌లో, అది 1888 నాటి భవనం. టికెట్ల కోసం ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడదామనుకోవద్దు. అక్టోబర్ వారాంతాలు ముందే అమ్ముడైపోతాయి, ధర కూడా మామూలు రోజుల కన్నా ఎక్కువ. టికెట్ కొనేటప్పుడు పెట్టె రకం చూసుకోండి. ఓపెన్ ఎయిర్ పెట్టెలో రెండుపక్కలా అడ్డం లేకుండా కనిపిస్తుంది, ఫోటోలు బాగొస్తాయి. కానీ లోయలో ఎండ ఆలస్యంగా పడుతుంది, పెందలాడే పోతుంది, రైలు కదిలితే గాలి కోసేస్తుంది. పెద్దవాళ్లకి మూసి ఉన్న స్టాండర్డ్ కోచ్ మేలు. ఓపెన్ ఎయిర్ అయితే శాలువా, మంకీ క్యాప్ తప్పనిసరి. కోచ్‌లు పాతవి, ఎక్కే మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల సమస్య ఉందని బుకింగ్ అప్పుడే ఫోన్ చేసి చెప్పండి, ఏ పెట్టె సులువో వాళ్లే చెప్తారు.

ఇక జిమ్ థార్ప్. ఆయన ఆ ఊరివాడు కాదు. బతికుండగా అక్కడ అడుగుపెట్టిన దాఖలా కూడా లేదు. పుట్టింది ఇప్పటి ఓక్లహోమాలో, సాక్ అండ్ ఫాక్స్ తెగ. చదివింది ఇదే రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ స్కూల్లో, అంతవరకే పెన్సిల్వేనియా సంబంధం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండిట్లో స్వర్ణం. అంతకుముందు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. 1982లో మళ్లీ గుర్తించినా ఉమ్మడి విజేతగానే. ఏకైక విజేత అని ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022లో.

ఆయన 1953లో పోయారు. అదే సమయంలో ఇక్కడ నదికి అటూ ఇటూ మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ అని రెండు బరోలు. బొగ్గు వ్యాపారం పడిపోయి రెండూ నీరసించి ఉన్నాయి. ఊరి బాగు కోసం వారానికి ఒక నికెల్, అంటే ఐదు సెంట్లు, ఇంటింటా వసూలు చేసుకునే పరిస్థితి. భర్తకు సరైన స్మారకం కట్టే చోటు వెతుక్కుంటున్న ఆయన మూడో భార్య వీళ్లతో ఒప్పందం చేసుకుంది: మీరు సమాధి కట్టండి, పేరు పెట్టుకోండి, శరీరం ఇస్తాను. 1954లో రెండు ఊళ్లూ ఓటేసి ఒక్కటై ఆ పేరు పెట్టుకున్నాయి. ఆయన కొడుకులకి ఇది ససేమిరా ఇష్టం లేదు. అస్థికలు ఓక్లహోమాకి తిరిగివ్వాలని కోర్టుకెక్కారు. 2013లో కింది కోర్టులో గెలిచి, 2014లో అప్పీల్లో ఓడిపోయారు. 2015లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. సమాధి దగ్గర నిలబడినప్పుడు పిల్లలకి ఈ రెండో కథ కూడా చెప్పాలని నా అభిప్రాయం. అక్కడి పలకల మీద విజయాలే ఉంటాయి.

మీ నాన్నగారికి అసలు చూపించాల్సింది మాత్రం ఈ బరోలో లేదు. పశ్చిమంగా పది మైళ్ల దూరంలో, 209 మీదే ఉన్న లాన్స్‌ఫర్డ్‌లో ఉంది: నంబర్ 9 బొగ్గు గని, మ్యూజియం. 1855లో మొదలై 1972 దాకా నడిచిన బాయి. చిన్న గని రైల్లో కూర్చోబెట్టి కొండ లోపలికి 1,600 అడుగులు తీసుకెళ్తారు. అడ్డంగా లోపలికి వెళ్లే సొరంగం కాబట్టి లిఫ్టు లాంటి కేజ్‌లో దిగడం, నిచ్చెనలు ఎక్కడం ఉండదు. లోపల దిగాక కొన్ని వందల అడుగుల నడక, నేల తడిగా, గతుకుగా ఉంటుంది. చేతికర్ర ఉంటే సరిపోతుంది. 700 అడుగుల లోతున్న నిలువు షాఫ్ట్, కంచరగాడిదలు నడిచిన దారి, రాతిలో తొలిచిన గని ఆసుపత్రి గది చూపిస్తారు. లోపల ఏడాది పొడవునా 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, స్వెటర్ కావాలి. చెప్పులు వద్దు, బూట్లు. సీజన్ చివర్లో తెరిచే రోజులు తగ్గిస్తారు, ముందే చూసుకోండి.

సింగరేణిలో చేసినవారికి ఒక తేడా వెంటనే కనిపిస్తుంది. ఇక్కడిది ఆంత్రసైట్. గట్టిగా, మెరుస్తూ ఉంటుంది, పొగ తక్కువ, అంటించడం కష్టం. పొరలు కూడా సాఫీగా పరిచినట్టు ఉండవు. కొండలు ముడుచుకున్నప్పుడు బొగ్గు పొరలూ వాటితోపాటే మడతపడి, చాలాచోట్ల నిలువుగా నిలబడ్డాయి. అందుకే బొగ్గును పైనుంచి కొట్టి కిందికి జార్చే పద్ధతి ఇక్కడ ఎక్కువ. ఆయన అడిగే ప్రశ్నలకు గైడ్ సంతోషిస్తాడు.

---

సెంట్రల్‌జెర్సీ_నాన్న

ఇద్దరికీ చాలా థ్యాంక్సండి. గని సంగతి చెప్పగానే నాన్నగారు రైలు కూడా అక్కర్లేదు, నేరుగా అక్కడికే పోదాం అంటున్నారు!

ఇంకొన్ని అడగాలి. జలపాతం పోయింది కాబట్టి, పెద్దవాళ్లు చూడగలిగే వేరేది ఏమైనా? మా తమ్ముడు న్యూయార్క్ నుంచి వస్తానంటున్నాడు, వాడు సైకిల్ తొక్కుతానంటాడు, లేదంటే రాఫ్టింగ్. పైగా డ్రోన్ తెస్తాడట. దారిలో బ్రిడ్జ్‌వాటర్ గుడి కూడా కలుపుకోవచ్చా?

---

సైకిల్‌చక్రం

డ్రోన్ ఇంట్లో పెట్టి రమ్మనండి. లీహై గార్జ్ స్టేట్ పార్క్‌లో ఎగరేయడానికి అనుమతి లేదు.

సైకిల్: డీ అండ్ ఎల్ (డెలావేర్ అండ్ లీహై) ట్రెయిల్, వైట్ హేవెన్ నుంచి జిమ్ థార్ప్ దాకా సుమారు 25 మైళ్లు. పాత రైలు కట్ట మీద వేసిన దారి. నది ప్రవహించే వైపే తొక్కుతాం కాబట్టి లేత వాలు, కష్టం తెలియదు. జిమ్ థార్ప్‌లో కారు వదిలి, అద్దె సైకిల్‌తో షటిల్ బస్సులో పైకి వెళ్లి, కిందికి తొక్కుకుంటూ రావడం ఆనవాయితీ. ఉల్టాగా మొదలుపెడితే తిరుగు షటిల్ టైముకి అందుకోవాలన్న కంగారు మిగులుతుంది.

ఎక్కడ దెబ్బతింటారంటే:
- నలగ్గొట్టిన సన్న రాయి పరిచిన దారి. సన్నటి టైర్ల రోడ్ సైకిల్ తెస్తే వానపడ్డ రోజు కూరుకుపోతుంది. హైబ్రిడ్ లేదా మౌంటెన్ బైక్.
- మధ్యలో కొట్టు లేదు, తాగునీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ నమ్మకం లేదు. మనిషికి రెండు లీటర్లు, ఒక స్పేర్ ట్యూబ్, పంపు.
- మధ్యలో కారు చేరగల చోటు ప్రధానంగా రాక్‌పోర్ట్ ఒక్కటే, వైట్ హేవెన్ నుంచి పదో మైలు దగ్గర. అలసిపోతే అక్కడే ఆగాలి, దాటితే ఇంకో 15 మైళ్లు తప్పదు.
- కింది భాగంలో ట్రెయిల్ పక్కనే నడుస్తున్న రైలు పట్టాలుంటాయి. పాడుబడ్డవి కావవి. ఫోటో కోసం ఎక్కి నిలబడొద్దు.

మామూలుగా తొక్కేవాళ్లకి ఆగుతూ పోతే నాలుగు గంటలు.

రాఫ్టింగ్ మంచి నీటి మట్టంతో కావాలంటే ఫ్రాన్సిస్ ఈ. వాల్టర్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలే రోజు చూసుకోవాలి. ఆ తేదీలు ఏటా ముందే ప్రకటిస్తారు. నీటి ఉధృతి క్లాస్ 2, 3, అంటే మధ్యస్థ స్థాయి. అక్టోబర్‌లో నీళ్లు గడ్డకట్టించేలా ఉంటాయి. కాటన్ జీన్స్, టీషర్టుతో దిగితే తడిశాక ఒంట్లో వేడి నిలవదు. వెట్‌సూట్ అద్దెకిస్తారు, బేరం ఆడకుండా తీసుకోవాలి. కళ్లజోడుకి తాడు, కారు తాళం ఒడ్డున ఎవరి దగ్గరైనా. ఆరేళ్లవాళ్లని ఆ నీళ్లలోకి తీసుకెళ్లొద్దు.

పెద్దవాళ్లకి జలపాతం అంటే రాక్‌పోర్ట్ దగ్గర బటర్‌మిల్క్ ఫాల్స్. పార్కింగ్ నుంచి చదును ట్రెయిల్ మీద కొద్ది నడక, దారి పక్కనే పడుతుంది. రాక్‌పోర్ట్‌కి దిగే రోడ్డు మాత్రం ఇరుకు, వాలు ఎక్కువ, నెమ్మదిగా వెళ్లాలి. వానలు లేని ఏడు అక్టోబర్‌లో ధార సన్నగా ఉంటుంది, ఆశలు పెంచుకోకండి. నడక ఇంకా తక్కువ కావాలంటే హికరీ రన్ స్టేట్ పార్క్‌లోని బౌల్డర్ ఫీల్డ్. 16 ఎకరాల మేర చెట్టూ చేమా లేకుండా బండరాళ్లే, గత హిమయుగం చలికి పగిలి పేరుకున్నవి. కారు దాని అంచు దాకా వెళ్తుంది. పిల్లలు ఎక్కి దూకుతారు, తాతగారు మడత కుర్చీలో కూర్చుని చూడొచ్చు. చీలమండ మడతపడే రాళ్లవి, పిల్లలకి గట్టి బూట్లు వేయండి. పెన్సిల్వేనియా స్టేట్ పార్కుల్లో ప్రవేశ రుసుము లేదు.

గడ్డిలోకి వెళ్లొస్తే రాత్రి పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, తల వెంట్రుకల్లో పిడుదులు చూడండి. ఈ రాష్ట్రంలో లైమ్ వ్యాధి బాగా ఎక్కువ, చలికాలం మొదలయ్యే ముందు కూడా పిడుదులు ఉంటాయి.

---

ఫిల్లీ_బాబాయ్

నా మాట వేరు. వీలైతే అక్టోబర్ శని, ఆదివారాలు మానేయండి. పిల్లలకి బడి సెలవున్న ఏ సోమవారమో చూసుకోండి, కాకపోతే కొలంబస్ డే వారాంతం రద్దీ సోమవారం దాకా సాగుతుంది, అది తప్ప. నెలాఖరుకి సగం ఆకులు రాలిపోతాయి, నిజమే. ఊళ్లో ఊపిరాడుతుంది, అది చాలు.

ఫిలడెల్ఫియా వైపు వాళ్లకి ఇంకో దారి: రెడింగ్ ఔటర్ స్టేషన్ నుంచి జిమ్ థార్ప్‌కి కొన్ని రోజుల్లో ప్యాసింజర్ రైలు నడుస్తుంది. కారు రెడింగ్‌లోనే వదిలేస్తే ఊళ్లో పార్కింగ్ గొడవే లేదు. ఊళ్లో ఉండే సమయం మాత్రం రైలు చెప్పినంతే, లాన్స్‌ఫర్డ్ గని కుదరదు.

---

లీహై_లోయ

బాబాయ్ గారి మాట నిజమే, కానీ పనిదినాల్లో గని, రైలు రెండూ ఒకే రోజు తెరిచి ఉంటాయని భరోసా లేదు. అడిగిన వ్యక్తికి గని ముఖ్యం కాబట్టి ముందు గని తెరిచే రోజు ఖాయం చేసుకుని, దాన్ని బట్టి రైలు టికెట్ కొనాలి. చాలామంది తిరగేసి చేస్తారు.

బ్రిడ్జ్‌వాటర్ గుడి వెళ్లేటప్పుడు వద్దు. దర్శనం, ప్రసాదం, క్యాంటీన్ కలిపి గంటన్నర పోతుంది. మీ తొమ్మిది గంటల పార్కింగ్ లెక్క అక్కడే తప్పుతుంది. గుడి ఇంటికి దగ్గరే కదా, ఇంకోరోజు పెట్టుకోండి.

దారి: ఎడిసన్ నుంచి దాదాపు 90 మైళ్లు. ఐ-287, ఐ-78 పశ్చిమం, ఈస్టన్ దాటాక 33 ఉత్తరం, 22 పశ్చిమం, ఐ-476 ఉత్తరం, ఎగ్జిట్ 74 మహోనింగ్ వ్యాలీ. అక్కడి నుంచి 209 మీద ఆరేడు మైళ్లు. ఆ ఐ-476 టర్న్‌పైక్, అంటే టోల్ రోడ్డు, దాని మీద నగదు తీసుకునే మనిషి ఉండడు. ఈజీపాస్ (కారులో పెట్టుకునే టోల్ ట్యాగ్) లేకపోతే నంబర్ ప్లేట్ ఫోటో తీసి బిల్లు పంపుతారు, అది ఖరీదు. అద్దె కారైతే ఆ బిల్లు మీద కంపెనీ వాళ్ల రుసుము అదనం. టర్న్‌పైక్ వద్దనుకుంటే 33 నుంచి 248 పట్టుకుని నాజరెత్, బాత్ మీదుగా లీహై గ్యాప్ దాటి వీస్‌పోర్ట్ దగ్గర 209 కలవొచ్చు. సిగ్నళ్లు ఎక్కువ, కొండను నది చీల్చిన ఆ గ్యాప్ మాత్రం చూడదగ్గది.

భోజనం: ఊళ్లో పిజ్జా, శాండ్‌విచ్, కేఫులే. ఉల్లి వెల్లుల్లి లేకుండా అడిగితే చివరికి చీజ్, బ్రెడ్ మిగులుతాయి. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లడమే మంచిది. పార్క్ బెంచీల మీద ఆ రోజు చోటు దొరకదు. ఊరికి పడమర నాలుగు మైళ్ల దూరంలో మాక్ చంక్ లేక్ పార్క్ ఉంది, నీళ్ల పక్కన బల్లలుంటాయి. మిగిలిన అన్నం అక్కడ పారేయకండి, ఎలుగులు తిరిగే అడవి.

మీ రోజు ఇలా ఉంటే కుదురుతుంది. ఆరున్నరకి బయలుదేరడం. తొమ్మిదిలోపు కౌంటీ లాట్. స్టేషన్ దగ్గర బాత్‌రూమ్, కాఫీ. ఓపిక ఉన్నవాళ్లు పిల్లలతో బ్రాడ్‌వే మీద ఒపెరా హౌస్ దాకా వెళ్లి రావడం, పెద్దవాళ్లు పార్కులో కూర్చోవడం. మొదటి రైలు. దిగగానే కారెక్కి లేక్ పార్క్‌లో భోజనం, తర్వాత లాన్స్‌ఫర్డ్ గని. గనికి ఆఖరి టూర్ ఎప్పుడో ముందే ఫోన్ చేసి అడగండి, చివరి గంటలో వెళ్తే కొత్తవాళ్లని లోపలికి తీసుకెళ్లరు. సమాధి చూడాలంటే రైలుకి ముందు కాదు, లాట్ వదిలాక మళ్లీ దొరకదు. రైలు దిగాక వంతెన దాటి అవతలికి వెళ్లి చూసి, తర్వాత లేక్‌కి వెళ్లండి. వంతెన దగ్గర బారు కనబడితే మానేయండి.

తమ్ముడు సైకిల్ ఎక్కితే వేరే కారులో రావాలి. అతని నాలుగు గంటలకీ మీ గని టైముకీ పొసగదు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ జిమ్ థార్ప్ మీదుగా రావొద్దు, సాయంత్రం లీహైటన్ వైపు రోడ్డు నిండిపోతుంది. లాన్స్‌ఫర్డ్ నుంచి 209 మీదే పడమరగా టమాక్వా వెళ్లి, అక్కడ 309 దక్షిణం పట్టుకుంటే నేరుగా ఐ-78 దగ్గర తేలతారు. ఆలెన్‌టౌన్ చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, రాత్రి భోజనం అక్కడ ముగించుకోవచ్చు. 309 కొండ దాటే చోట మలుపులుంటాయి, చీకటి పడ్డాక జింకలు అడ్డొస్తాయి. ఒకటి దాటితే ఆగి చూడండి, వెనక ఇంకోటి తప్పకుండా ఉంటుంది.